ఒకసారి మనిషిని పట్టిన బెల్టు

ఓడరేవు సైటు, సేఫ్టీ ఆఫీసు
జూన్ 3

బావకి నమస్కారాలు.

నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వక్కడ బాగున్నావో లేదో అక్క ఉత్తరం చదివాక అనుమానంగా ఉంది. అటక మీంచి డబ్బా తీద్దామని తను స్టూలెక్కితే నువ్వు "దిగు" అని అరిచావట. ఆ అరుపుకి పక్క క్వార్టర్లో వాళ్ళు చేస్తున్న పని వదిలేసి పరుగెత్తుకొచ్చారట. ఇరవై రెండేళ్ళుగా నలభై మీటర్ల పైన ఇనప దూలాల మీద ఉద్యోగం చేస్తున్న మనిషి, రెండడుగుల స్టూలుకి అంత హడలిపోవడమేమిటి?

ఇంకో సంగతి. అన్ని సైట్ల నుంచీ వచ్చే చీటీలు నెలకోసారి నేనే చూస్తానని నీకు తెలుసు. తృటిలో ప్రమాదం తప్పితే ఎవరికి వాళ్ళు రాసి డబ్బాలో వేయమన్న చీటీలు. మీ గ్యాంగు నుంచి పోయిన నెల నలభై వచ్చాయి. నలభై మంది, నలభై చీటీలు, ఒక్కటే చేతిరాత. పదేళ్ళుగా ఉత్తరాల్లో చూస్తున్న చేతిరాతే. పదకొండు చీటీల్లో "దారిలో మేకు కనిపించింది, తీసేశాను" అని ఉంది. మేకుల దుకాణం ఏమైనా పెట్టావా?

నవ్వులాటకి రాయడం లేదు. ఏం జరిగిందో చెప్పు.

నీ బావమరిది

---

బాయిలరు సైటు, క్వార్టర్లు, నాలుగో వరుస
జూన్ 9

బావమరిదికి ఆశీస్సులు.

మీ అక్కకి స్టూలెక్కడం కంటే ఉత్తరాల్లో నన్నెక్కించడం బాగా వచ్చు. ఆ స్టూలు కాలు వదులుగా ఉంది, అందుకని అరిచాను. మర్నాడే మేకు కొట్టాను కూడా. చూశావా, మేకులు దేనికి పనికొస్తాయో.

చీటీల మాటంటావా, మా వాళ్ళలో సగం మందికి పెన్ను పట్టుకోవడం కంటే స్పానరు పట్టుకోవడం తేలిక. మనిషికో చీటీ కావాలని మీరే రూలు పెట్టారు. వాళ్ళు చెప్పింది నేను రాస్తాను.

ఇవాళ బోర్డు మీద 437. ప్రమాదం లేకుండా నాలుగొందల ముప్పై ఏడు రోజులు. ఐదొందలు దాటితే గ్యాంగు మొత్తాన్ని పర్మనెంటు చేస్తామని మేనేజరు అందరి ముందూ మాటిచ్చాడు. ఇప్పుడు వీళ్ళ బతుకెలా ఉందో నీకు తెలియనిది కాదు. ఒక సైటు అయిపోతే ఇంకో గేటు ముందు నిలబడి, తీసుకుంటారో లేదో తెలియక నెలల తరబడి పడిగాపులు. ఇంకో అరవై మూడు రోజులు ఓపిక పడితే ఆ బాధ ఉండదు. పొద్దున్నే టీ కంటే ముందు బోర్డు చూసుకుంటున్నారు.

నా గురించి బెంగ పెట్టుకోకు.

మీ బావ

---

ఓడరేవు సైటు
జూన్ 14

బావా,

నువ్వు మాట దాటేసినప్పుడల్లా ఉత్తరం పొడుగవుతుంది. నాకది ఎప్పట్నుంచో తెలుసు.

ఫోను చేద్దామంటే మీ సైటు మొత్తానికి ఉన్న ఒక్క ఫోనూ మేనేజరు బల్ల మీద ఉంది. సెలవు అడిగితే ఇక్కడ జెట్టీ పని నడుస్తోంది, ఇవ్వనన్నారు. కాబట్టి ఉత్తరంలోనే అడుగుతున్నాను. సేఫ్టీ ఆఫీసరుగా కాదు. నేను హెల్పరుగా చేరిన కొత్తలో తాడు ముడి వేయడం నేర్పింది నువ్వు. ముడి తప్పితే నెత్తి మీద మొట్టింది నువ్వు. ఆ చనువుతో అడుగుతున్నాను. పళ్ళెం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంటున్నావట. అక్క నీకు జబ్బేమోనని భయపడుతోంది.

ఎవరికీ చెప్పనని మాటిస్తున్నాను. చెప్పు.

బావమరిది

---

క్వార్టర్లు, నాలుగో వరుస
జూన్ 20

ఒరేయ్,

మాటిచ్చావు కాబట్టి రాస్తున్నాను. చదివి చింపెయ్.

మా గ్యాంగులో ఒకడున్నాడు, దూలాల మీద చప్పుడు లేకుండా నడుస్తాడని వాడిని పిల్లి అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. మే పందొమ్మిదిన, పొద్దున పదింటప్పుడు, ఆరో అంతస్తులో ఒక దూలం మీంచి ఇంకో దూలం మీదికి అడుగేశాడు. దాని బోల్టులు ఇంకా బిగించలేదు. బిగించమని చెప్పాల్సిన వాణ్ణి నేను. దూలం కదిలింది, వాడు జారాడు.

బెల్టు పట్టుకుంది. తాడు చివర రెండు దూలాల మధ్య వేలాడాడు. నేను లోపల అంకెలు లెక్కపెడుతున్నానని తర్వాత తెలిసింది, నలభై మూడు దాకా వచ్చాను. అప్పటికి పైకి లాగాం. తొడల మీదా పక్కటెముకల మీదా కమిలింది తప్ప గీత కూడా పడలేదు. వాడు నవ్వి టీ అడిగాడు.

అక్కడి నుంచి కిందికి చూస్తే బోర్డు కనపడుతుంది. 416. అందరూ ముందు బోర్డు చూశారు, తర్వాత నా ముఖం చూశారు. పడి గాల్లో ఆగినా ప్రమాదం కిందే లెక్కని రూలుంది. చెబితే మళ్ళీ సున్నా నుంచి మొదలు. నేను "పనిలోకి వెళ్ళండి" అన్నాను. అంతే అన్నాను. ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది.

ఎవడికీ ఏమీ కాలేదు. అయినా నా కాళ్ళ కింద నేల గట్టిగా ఉన్నట్టు అనిపించడం లేదు.

మీ బావ

---

టెలిగ్రాం
జూన్ 24

పిల్లిని పట్టిన బెల్టు ఎక్కడ. ఎవరూ వాడకుండా ఆపు. ఉత్తరం వస్తోంది.

---

ఓడరేవు సైటు
జూన్ 24

బావా,

టెలిగ్రాం ఇచ్చి వచ్చి వెంటనే ఇది రాస్తున్నాను. రాత సరిగా లేకపోతే ఏమీ అనుకోకు.

నీ ఉత్తరంలో మనిషి సంగతి రాశావు, బోర్డు సంగతి రాశావు. బెల్టు సంగతి రాయలేదు. దాన్నేం చేశారు?

మనిషి పడ్డప్పుడు ఆ బరువంతా ఒక్కసారిగా బెల్టు మీద పడుతుంది. రింగు దగ్గర కుట్లు లోపల్లోపల సడలిపోతాయి. పైకి ఏమీ కనపడదు, కొత్తదానిలాగే ఉంటుంది. అందుకే ఒకసారి మనిషిని పట్టిన బెల్టుని ఆ రోజే, అక్కడే కత్తిరించి పారేయాలి. రెండోసారి పట్టుకుంటుందని ఎవరూ చెప్పలేరు. నీకిది తెలుసు, నేర్చుకున్నావు, పరీక్షలో రాశావు కూడా. కానీ పడలేదని అనేసుకున్నాక బెల్టు మాత్రం ఎందుకు గుర్తొస్తుంది? జరగని ప్రమాదానికి బెల్టు పారేస్తే స్టోరువాడు ఎందుకని అడుగుతాడు.

నెల దాటింది. ఇవాళ అది ఎవరి నడుముకి ఉంది?

బావమరిది

---

క్వార్టర్లు, నాలుగో వరుస
జూన్ 29

బావమరిదికి,

టెలిగ్రాం గుమస్తా చేతికి వచ్చింది. ఏ పిల్లి, ఏం బెల్టు అని అడిగాడు. మా బావమరిది పెంచే పిల్లి, దాని మెడకి కట్టే బెల్టు అన్నాను. వాడు నవ్వాడు.

వెంటనే స్టోరుకి వెళ్ళాను. మేకులకి అరవై బెల్టులు వేలాడుతున్నాయి. అన్నీ ఒకే రంగు, ఒకే కంపెనీ, నంబర్లు లేవు. పొద్దున లెక్క పెట్టి ఇస్తారు, సాయంత్రం లెక్క పెట్టి తీసుకుంటారు. అరవైనీ ఒక్కొక్కటిగా లాగి చూశాను, వేలితో కుట్లు తడిమాను. స్టోరువాడు వింతగా చూశాడు. ఏది పిల్లిదో నాకు తెలియలేదు. పిల్లిని అడిగితే "ఎప్పుడో నెల కిందటి మాట, ఎవరికి గుర్తు మేస్త్రీ" అని అటు తిరిగి వెళ్ళిపోయాడు.

ఇక అరవైనీ ఆపాలి. ఆపాలంటే కారణం చెప్పాలి. కారణం చెబితే నలభై కుటుంబాల నోటి దగ్గర కూడు లాగేసినట్టే. నువ్వు అక్కడ కుర్చీలో కూర్చుని "ఆపు" అని టెలిగ్రాం ఇచ్చావు. బాగుంది.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా సరే. ఆ బోర్డు ఎవరి బుర్రలో పుట్టింది? ఇన్ని రోజులకి ఈ బహుమతి అని కాగితం రాసిచ్చి, హెడ్డాఫీసులో పెద్దాయన పక్కన ఫోటో దిగింది ఎవరు? ఆ ఫోటో మీ అక్క గోడకి తగిలించింది. రోజూ చూస్తున్నాను. ప్రమాదాలు ఆగిపోతాయని రాశావు. ఆగిపోయింది చెప్పడం ఒక్కటే.

రోజూ పొద్దున బెల్టులు పంచుతున్నాను.

మీ బావ

---

ఓడరేవు సైటు
జూలై 2

బావా,

కోపం వచ్చింది. ఉత్తరం నలిపి విసిరేశాను. తర్వాత తీసి మడత విప్పి మళ్ళీ చదివాను.

నిజమే, ఆ బోర్డు నాదే. దాన్ని తలుచుకుని మూడేళ్ళు మురిసిపోయాను. నీ ఉత్తరం వచ్చాక మా బోర్డు ముందు నిలబడ్డాను. 311. అందులో ఎన్ని రోజులు నిజమో నాకు తెలియదు. మధ్యాహ్నం క్రేను దగ్గరికి వెళ్ళి ఆపరేటరుని మామూలుగా అడిగాను, అంతా బాగున్నారా అని. "బాగున్నాం సార్, అంతా బాగుంది" అన్నాడు, నా ముఖం చూడకుండా. చుట్టూ ఉన్నవాళ్ళు హెల్మెట్లు సర్దుకున్నారు. నన్ను చూడగానే అందరూ చేసేది అదే. ఇన్నాళ్ళూ అది నా మీద గౌరవమనుకున్నాను.

ఇక అసలు సంగతి. మీ మేనేజరుకి ఉత్తరం రాసి సొరుగులో పెట్టాను. అది పంపితే బెల్టులు ఆగుతాయి. కానీ ఇంటి మనిషికి చెప్పుకున్నది ఆఫీసుకి చేరిందని మీ వాళ్ళకి తెలుస్తుంది. ఇక జన్మలో ఎవడూ ఎవడికీ నోరు విప్పడు. నువ్వు చెబితే అలా కాదు. తప్పు చేసినవాడే అందరి ముందూ నిలబడి చెబితే, చెప్పొచ్చన్నమాట అని ఒక్కడికైనా తోస్తుంది.

అందుకని ఏడో తారీకు దాకా ఆగుతాను. ఆ రోజు టపాలో నీ దగ్గర్నుంచి ఏమీ రాకపోతే సొరుగులో ఉత్తరం పోస్టు చేస్తాను. నీకిచ్చిన మాట తప్పినవాణ్ణవుతాను. అక్క నాతో మాట్లాడకపోవచ్చు. పడతాను. ఆగిన ఈ ఐదు రోజుల్లో ఎవరైనా పడిపోతే అందులో నా పాలూ ఉంటుందని తెలిసే రాస్తున్నాను.

బావమరిది

---

క్వార్టర్లు, నాలుగో వరుస
జూలై 6

బావమరిదికి,

ఈ సంగతి నీకు నిన్ననే టెలిగ్రాంలో చెప్పాను, "బెల్టు దొరికింది, అందరూ క్షేమం" అని. మిగతాది ఇది.

నీ ఉత్తరం నాలుగో తారీకున అందింది. ఐదున పొద్దున, పనిలోకి దిగే ముందు అందరం నిలబడే చోట, చెప్పాను. మేనేజరు పక్కనే ఉన్నాడు. ముందుగా ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకున్నాను, అది జేబులోనే ఉండిపోయింది. "మే పందొమ్మిదిన మన మనిషి ఆరో అంతస్తులో పడ్డాడు. బెల్టు పట్టింది. దూలం బిగించకుండా పంపింది నేను, దాచమన్నదీ నేనే. ఆ బెల్టు ఇంకా మన మధ్యే తిరుగుతోంది. ఏదో తెలిసేదాకా ఎవరూ పైకి ఎక్కొద్దు" అన్నాను.

మేనేజరు ముఖం కందిపోయింది. నేను పిల్లి వైపు చూడకూడదనుకున్నాను, కానీ వాడే ముందుకొచ్చాడు. వాడి పెదాలు తెల్లబడ్డాయి.

"మేస్త్రీ, ఆ బెల్టు ఎక్కడుందో నాకు తెలుసు" అన్నాడు.

విను. వాడు ఆ బెల్టుని స్టోరుకి ఇవ్వనే లేదు. తన ప్రాణం నిలబెట్టిన బెల్టని, పాతది ఒకటి స్టోరుకిచ్చి లెక్క సరిపెట్టి, దీన్ని గ్యాంగు పనిముట్ల పెట్టెలో దాచుకున్నాడు. రింగు కింద ఎర్ర దారం కట్టాడు. ఒకసారి పట్టుకుంటే వదలదని దానికి గ్యాంగంతా "అత్తగారు" అని పేరు పెట్టుకున్నారు. అన్నిటికంటే ఎత్తులో, అన్నిటికంటే ప్రమాదకరమైన పని ఎవరికి పడితే వాడికి ఆ రోజు అత్తగారిని ఇస్తారట. అంటే నెలన్నరగా మా సైటులో అన్నిటికంటే పనికిమాలిన బెల్టు, ఏరి కోరి, అన్నిటికంటే ఎత్తుకి వెళుతోంది. నాకు తప్ప అందరికీ తెలుసు. దాచమని నేర్పింది నేను, వాళ్ళు నా దగ్గరే దాచారు. జూన్ ఇరవై ఆరున చిమ్నీ తనిఖీకి నేనెక్కేటప్పుడు పిల్లి పరుగెత్తుకొచ్చి "ఇది వేసుకోండి మేస్త్రీ" అని ఒక బెల్టిచ్చాడు. స్టోరులో అరవై బెల్టులు తడిమిన మర్నాడే దాన్ని నడుముకి బిగించుకుని నేను చిమ్నీ ఎక్కాను.

"ఇప్పుడెక్కడుంది?" అని అడిగాను.

పిల్లి తలెత్తి పైకి చూశాడు. అందరూ పైకి చూశారు. వెల్డరు ఒకడు, కాస్త మూడీ మనిషి, ముందు రోజు మిగిలిన అతుకు పూర్తి చేయాలని మీటింగు కంటే ముందే ఎక్కేశాడు. ఎనిమిదో అంతస్తు అంచున, రెండు చేతులతో పని చేసుకుంటూ, ఒళ్ళంతా వెనక్కి వాల్చి బెల్టు మీద కూర్చున్నాడు.

కేకేస్తే ఉలిక్కిపడతాడు. అందుకని ఎవరినీ అరవొద్దని చెప్పి, మేనేజరు బండిలో కొత్త బెల్టు ఒకటుంటే అది తీసుకుని నేనే ఎక్కాను. ఎనిమిది అంతస్తుల నిచ్చెనలు. ఎక్కినంతసేపూ వాడి బూట్ల అడుగు కనపడుతూనే ఉంది. దగ్గరికి వెళ్ళాక ఏమీ ఎరగనట్టు "అతుకు ఎంతవరకు వచ్చింది?" అని అడిగాను. కొత్త బెల్టు తాడు పై దూలానికి తగిలించి, చెయ్యి వాడి వీపు వెనక నుంచి పోనిచ్చి నడుముకి బిగించాను. ఎందుకన్నాడు. రెండోది కూడా ఉండాలని కొత్త రూలు అన్నాను.

"అత్తగారుండగా భయమేంటి మేస్త్రీ" అన్నాడు వాడు.

కింద దింపాక మేనేజరు ఆ బెల్టు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. "బాగానే ఉందిగా. దీనికోసమా పని మొత్తం ఆపింది?" అన్నాడు. మనిషి బరువున్న ఇసక బస్తాకి ఆ బెల్టు కట్టి, ఒక దూలానికి తాడు తగిలించి, రెండు మూరల ఎత్తు నుంచి వదిలాం. బెల్టు క్షణం కూడా ఆగలేదు. రింగు దగ్గర కుట్లన్నీ ఒక్కసారిగా ఊడిపోయి, బస్తా నేలకి కొట్టుకుని పిగిలింది. పిల్లి అక్కడే కూలబడ్డాడు.

మేనేజరు తనే నడిచి వెళ్ళి బోర్డు మీద అంకె తుడిచేశాడు. నా మీద రిపోర్టు రాయాలి కదా అన్నాను. రాస్తాను, నా పేరు కూడా రాస్తాను అన్నాడు. పర్మనెంటు మాట ఏమవుతుందో ఆయనకీ తెలియదు. మిగతా వాళ్ళు పారలు తెచ్చి ఆ ఇసక ఎత్తారు.

వెల్డరు మాత్రం నా దగ్గరికి వచ్చి ఒక్కటే అడిగాడు.

"ఈ బెల్టు సంగతి మీకు ఎన్నాళ్ళ నుంచి తెలుసు?"

"పదకొండు రోజులు" అన్నాను.

వాడు హెల్మెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు.

మీ బావ

---

ఓడరేవు సైటు
జూలై 11

బావా,

సొరుగులో ఉత్తరం చింపేశాను. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆ నిచ్చెనల దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ ఊపిరి బిగపట్టాను. చివరికి ఏమవుతుందో తెలిసినా సరే.

వెల్డరు అడిగిన ప్రశ్న నన్ను కూడా అడిగినట్టే ఉంది. మాటిచ్చానని నేనూ ఆగాను కదా. ఆ పదకొండు రోజుల్లో నా రోజులూ ఉన్నాయి.

మా వాళ్ళని పోగుచేసి ఇది చెప్పాను. నీ సైటు అనలేదు, ఒక సైటు అన్నాను. ఆ బోర్డు పెట్టింది నేనేనని, తప్పు చేశానని చెప్పి మా బోర్డు మీద అంకె నా చేత్తో తుడిచాను. రెండు రోజులు ఎవరూ రాలేదు. ఆఫీసు తలుపు తీసిపెట్టి వెర్రిమొహం వేసుకుని కూర్చున్నాను. మూడో రోజు క్రేను ఆపరేటరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. బ్రేకు నాలుగు నెలలుగా జారుతోందట. అలవాటు పడ్డాడట. బరువు దించేటప్పుడు ఒక జానెడు ముందే తొక్కుతాడట. ఆ బరువుల కింద నుంచి నేను రోజుకి పదిసార్లు నడుస్తాను.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాను. "మీరు ఇన్నాళ్ళూ అడిగింది బాగున్నామా అని సార్" అన్నాడు. క్రేను ఆపేశాం. మా మేనేజరు నా మీద నిప్పులు కక్కుతున్నాడు. కక్కనీ.

హెడ్డాఫీసుకి రాశాను, రోజుల లెక్కకి బహుమతులు ఎత్తేయమని, మీ నలభై మందిని వాళ్ళ పని చూసి తీసుకోమని. ఏమంటారో తెలియదు. ఆ ఫోటో గోడ మీంచి తీసేయమని అక్కకి చెప్పు.

మీ గ్యాంగు నీతో ఎలా ఉన్నారు? ఆ ముక్క రాయలేదు నువ్వు.

బావమరిది

---

క్వార్టర్లు, నాలుగో వరుస
జూలై 25

బావమరిదికి ఆశీస్సులు.

ఫోటో తీయనంది మీ అక్క. తమ్ముడు బాగా పడ్డ ఫోటో అదొక్కటేనట.

గ్యాంగు సంగతి రాయకపోవడానికి కారణం ఉంది. మొదటి వారం భోజనాల దగ్గర నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఐదొందలకి అంత దగ్గర్లో నోరు విప్పానని కొందరికి కోపం. అంతకు ముందే విప్పలేదని కొందరికి కోపం. రెండూ న్యాయమే. హెడ్డాఫీసు నుంచి ఇంకా జవాబు లేదు. నన్ను మేస్త్రీగా ఉంచుతారో లేదో కూడా తెలియదు. కొత్త బెల్టులు వచ్చాయి, ఒక్కోదాని మీద ఒక్కో నంబరు. తొమ్మిది రోజులు పని ఆగింది. చీటీల డబ్బా తెరిస్తే మొదట ఖాళీ, తర్వాత రెండు, పోయిన వారం ఏడు. అక్షరాలు కోడి గీతల్లా ఉన్నాయి. ఒక్కటీ నా రాత కాదు.

వెల్డరు మాత్రం మాట్లాడలేదు. పని చెబితే తలూపుతాడు, చేస్తాడు, వెళ్ళిపోతాడు. క్షమించమని రెండుసార్లు అడిగాను. విన్నాడు, అంతే. వాడి పెళ్ళాం ఒకరోజు గేటు దగ్గర ఎదురైంది. నన్ను చూసి పక్కకి తప్పుకుంది. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను. మీ అక్కకి తెలుసు, నీకూ తెలియనీ.

నిన్న పొద్దున అందరం నిలబడ్డాం. ఎప్పటిలాగే, ముందు రోజు పనిలో ఎవరికైనా ఏదైనా తేడాగా కనిపించిందా అని అడిగాను. ఎప్పటిలాగే అందరూ బూట్లు చూసుకున్నారు. వెనక వరసలోంచి వెల్డరు చెయ్యి ఎత్తాడు.

"నిన్న సాయంత్రం మేస్త్రీగారు ఏడో అంతస్తులో తాడు తగిలించకుండా నాలుగడుగులు నడిచారు. నేను చూశాను" అన్నాడు.

నలభై మందీ, మేనేజరూ నా వైపు తిరిగారు. అబద్ధం నోటి దాకా వచ్చిందిరా, తగిలించే ఉందని. మింగేశాను.

"నిజమే. తప్పు నాది. మళ్ళీ అలా నడిస్తే కింద నుంచే కేకెయ్" అన్నాను.

"వేస్తాను" అన్నాడు వాడు.

పందొమ్మిది రోజుల తర్వాత నాతో వాడు మాట్లాడిన మొదటి మాటలు అవి. నిన్న మధ్యాహ్నం కడుపు నిండా తిన్నాను.

మీ బావ